ఇన్‌షిరాహ్ తోటకు తగిలిన దిష్టి

పొయ్యి మీద టీ మరిగేలోగా ఇన్‌షిరాహ్ ఫోను తీసి తన తోట చూసుకుంది. ఇర్బిద్ ఊళ్ళో నిజం ఆలివ్ చెట్లకేం కొదవ? అయినా ఆ ఇంటి ఆడవాళ్ళు ఫోను ఆటలోని చెట్ల మీదే ప్రాణాలు పెట్టుకున్నారు. ఆటలో కోతల పండుగ వస్తే పది రోజులపాటు ఎవరు ఎన్ని జాడీల నూనె తీశారన్నదే మాట. మూడేళ్ళుగా మొదటి స్థానం ఇన్‌షిరాహ్‌దే. ఈసారి ఆమె తోట గేటు మీద నీలం రంగు కన్ను గుర్తు ఒకటి వచ్చి కూర్చుంది. అప్పటి నుంచి చెట్టుకు పది జాడీలు రావలసిన చోట ఐదే వస్తున్నాయి.

వేలితో నొక్కితే అదేమిటో ఆటే చెప్పేది. కానీ దిష్టి కన్నును ఎవరైనా చేత్తో తాకుతారా? దిష్టి పెట్టినవాళ్ళ రూపు తేలుతుందని ఫోను చుట్టూ పటిక ఏడుసార్లు తిప్పి నిప్పుల మీద వేసింది. కరిగి గడ్డకట్టిన పటికలో ఆమెకు దీమా ముక్కు స్పష్టంగా కనిపించింది. అంత కడుపుమంటతో చూస్తే ముక్కేమిటి, మీసాలైనా కనిపిస్తాయి.

దీమా మరిది భార్య. నిరుడే కాపురానికి వచ్చి పై వాటాలో ఉంటోంది. ఇప్పుడు అయిదో నెల. ఇన్‌షిరాహ్‌కు పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా కడుపు పండలేదు. అత్తగారు ఉమ్ సఖర్ రోజూ పైకి దీమాకు పళ్ళెం పంపుతుంటే ఇన్‌షిరాహ్‌కు ముద్ద దిగేది కాదు.

ఆ ఉదయం దీమా జున్ను రొట్టెలతో నవ్వుతూ దిగి వచ్చింది. "అక్కా, వేడిగా ఉన్నాయి, తిను."

"నా తోట మీద పడి ఏడ్చింది చాలక తిండి మీద కూడానా?"

"నేనేం చేశానక్కా?"

"ఆటలో రోజూ నా తోటలోకి వచ్చిపోయేది నువ్వే. ఆ కన్ను నీదే. నీకన్నీ ఉన్నాయి కదే, నా ఒక్క ముచ్చటా ఓర్వలేకపోయావా?"

దీమా ముఖం పాలిపోయింది. "ఇవాళే కెరక్‌లో మా పుట్టింటికి వెళ్ళిపోతాను. పురుడు మా అమ్మ దగ్గరే పోసుకుంటాను. ఈ ఇంట్లో నా బిడ్డ పుట్టనక్కర్లేదు."

"ఏ ఇంట్లో?" అంటూ ఉమ్ సఖర్ వచ్చింది. సంగతి విని, కళ్ళజోడు సవరించుకుని, ఇన్‌షిరాహ్ వద్దు వద్దంటున్నా ఆ కన్ను మీద వేలు పెట్టి నొక్కింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"కాపలా కన్ను. దీమా తన తోటకు రావలసిన నీళ్ళన్నీ మీ తోటకు ఇచ్చింది. చలికి చెట్లు చావవు. ఆగిన సగం పంట ఆఖరి రోజున రెట్టింపై వస్తుంది."

ఉమ్ సఖర్ కిందకు వేలు జరిపి ఆట ఆడే చుట్టాల గెలుపు పట్టిక చూసింది. దీమా పేరు అన్నిటికంటే అడుగున ఉంది.

"డాక్టరమ్మ ఎక్కువసేపు కూర్చోవద్దంది, ఇక నేనేం ఆడతాను? నా నీళ్ళు వృథా ఎందుకని నీకిచ్చాను," అంది దీమా కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వే గెలవాలనుకున్నా."

ఇన్‌షిరాహ్ పీట మీద కూలబడింది. ఇన్నాళ్ళూ కళ్ళల్లో నిప్పులు పోసుకున్నది ఎవరో ఆమెకు తెలిసిపోయింది.

"వెళ్ళకే. ఏడ్చింది నేనే. నువ్వు స్కానింగ్ ఫోటో చూపించిన రోజు బిడ్డకు దిష్టి తగలకూడదని అందరూ మాషా అల్లాహ్ అన్నారు. నేను అనలేదు. నోరు రాలేదు. ఆ రాత్రి నుంచీ నా కన్నే నీ బిడ్డకు తగులుతుందేమోనని చచ్చిపోతున్నాను."

"నాకు తెలుసక్కా. ఆ రోజు నీ పెదవులే చూస్తూ నిలబడ్డాను."

దీమా వచ్చి ఆమె పక్కనే కూర్చుంది. ఆమె చెయ్యి పట్టుకుని తన పొట్ట మీద పెట్టుకుంది.

"ఇప్పుడు అను."

"మాషా అల్లాహ్," అంది ఇన్‌షిరాహ్. అరచేతి కింద బిడ్డ కదిలింది. ఆమె భోరుమని ఏడుస్తూ మళ్ళీ అంది, మళ్ళీ అంది.