చౌడయ్యగారి కొట్టు కొత్త వెర్షన్ ఒప్పుకోదు

వన్ టౌన్‌లో చౌడయ్యగారి పాత కొట్టు ముందు రాత్రిపూట ఎవరూ ఆగరు. పగలు ఆగుతారా అంటే, పగలు ఆగడానికి చోటుండదు. ఆటోలు, తోపుడు బండ్లు, బేళ్ళు మోసే హమాలీలు, మధ్యలో అడ్డంగా ఒక ఆవు. షట్టర్లన్నీ దిగి సందు ఖాళీ అయ్యాక చూడండి. బండి లాగేవాడు ఎంత అలిసిపోయినా ఆ అరుగు మీద మాత్రం కూర్చోడు. నాలుగు కొట్లు దాటి కూర్చుంటాడు.

ఎందుకంటే... ఆ మూసిన కొట్టు ఊపిరి తీసుకుంటుంది.

నేనూ విన్నాను. అబద్ధమెందుకు, సగమే విన్నాను. మిగతా సగం వినేలోపు ఇంట్లో ఉన్నాను. షట్టరు వెనక సన్నగా, ఆగకుండా, బుస లాంటి చప్పుడు. వంగి కింద సందులోంచి చూస్తే ఒక పచ్చటి కన్ను, రెప్పలు ఆర్పుతూ. ఒక్కోసారి సాంబ్రాణి వాసన కూడా వస్తుంది.

చౌడయ్యగారు ఆ కొట్లోనే పోయారు. తన పరుపు మీదే, తన దిండుకి ఆనుకునే. ఆయన కొడుకు తిరుపతిరావు పై అంతస్తులో అద్దాలూ ఏసీలూ పెట్టి చీరల షోరూం తెరిచి, కింద కొట్టుకి షట్టరు దించేశాడు. కాపురం మాత్రం ఇప్పటికీ కొట్టు వెనక ఇంట్లోనే. పెద్దాయనకి మార్పంటే గిట్టేది కాదు. ఫ్యాను రెక్క వంకరపోతే, ఆ వంకర అలవాటైపోయిందని అలాగే ఉంచేసిన మనిషి. అలాంటాయన ఈ అద్దాల షోరూం చూసి ఊరుకుంటారా అని మా సందులో అనుకుంటారు.

ఇక మా సింధూరి సంగతి. మా అన్నయ్య కూతురు. పామర్రు నుంచి రోజూ బస్సులో వచ్చి తిరుపతిరావు షోరూంలో కంప్యూటర్ల పని చూస్తుంది. ఇదంతా అది నాకు చెప్పిందే. కంప్యూటరు ముక్కల్ని మాత్రం నేను బట్టలకొట్టు భాషలోకి మార్చుకున్నాను, నాకొచ్చింది అదొక్కటే కాబట్టి.

తిరుపతిరావు వ్యాపారమంతా డేటాబేసులో ఉంది. ఏ మగ్గం మీద చీర ఎక్కడిదాకా వచ్చింది, ఎవరి ఆర్డరు ఏ లారీలో పోయింది, అంతా. ఆ డేటాబేసు మూడు ప్రతులుగా, మూడు కంటైనర్లలో, అంటే మూడు బీరువాలనుకోండి, నడుస్తుంది. ఒకటి పడిపోయినా మిగతా రెండూ కొట్టు నడుపుతాయి. వాటి మీద పెత్తనానికి ఆపరేటర్ అని ఒక ప్రోగ్రాం. మనిషి కాదు గానీ, గుమస్తా అనుకోండి. "నాకు మూడుండాలి, ఫలానా వెర్షన్‌లో ఉండాలి" అని ఒక్కసారి చెప్పి వదిలేస్తే చాలు. ఒకటి చస్తే దాని చోట్లో ఇంకోటి పుట్టిస్తాడు. వెర్షన్ మార్చమంటే పాతవాటిని ఒక్కొక్కటిగా దించి కొత్తవాటిని కూర్చోబెడతాడు. టీకని వెళ్ళి గంటసేపు మాయమయ్యే రకం కాదు.

ఆ డేటాబేసు బాగా పాతబడింది. పెళ్ళిళ్ళ సీజను ముందే మార్చకపోతే తట్టుకోదని సింధూరి పట్టుబట్టింది. తిరుపతిరావు వెనకాడాడు.

"హైదరాబాదు కంపెనీవాళ్ళకి ఇద్దామమ్మా. నువ్వు చిన్నపిల్లవి."

"ఆపరేటరే చేసేసుకుంటుందండీ. పొద్దున్న మీరొచ్చేసరికి మారినట్టు కూడా తెలీదు," అనేసింది మా పిల్ల.

"తెలిసిందనుకో, ఇక ఈ పని వాళ్ళకే," అన్నాడాయన నవ్వుతూనే. నవ్వుతూ అన్నా, అన్నమాట చేసే మనిషే. పొద్దున్నే బిల్లింగు నడవాలి, లేకపోతే సింధూరి పామర్రు బస్సెక్కి మళ్ళీ రానక్కర్లేదు.

ఆ రాత్రి షోరూం మూశాక, గేటు దగ్గర వాచ్‌మన్ ఆమోసు, పైన సర్వర్ల గదిలో సింధూరి, అంతే. ఆపరేటరుకి కొత్త వెర్షన్ చెప్పింది. పాత ప్రతి ఒకటి దిగింది. కొత్తది లేచింది. అంతా సవ్యంగా ఉందని పులిహోర డబ్బా మూత తీసింది.

మూత ఇంకా చేతిలోనే ఉంది... కొత్తది చచ్చిపోయింది.

దాని చోట్లో పాతది లేచి కూర్చుంది.

సింధూరి దాన్ని మళ్ళీ దించింది. కొత్తది లేచింది. ఈసారి మా పిల్ల కళ్ళు ఆర్పకుండా చూస్తూ కూర్చుంది. తను ఏమీ ముట్టుకోలేదు. చూస్తుండగానే కొత్తది పోయింది... పాతది వచ్చింది. మళ్ళీ దించింది. మళ్ళీ వచ్చింది. చంపినకొద్దీ లేస్తోంది.

ఎవరో చేస్తున్నారు. ఎవరు?

ఇంటికి డోర్ నంబరు ఉన్నట్టు కంప్యూటరుకీ ఒకటుంటుందట. "పాతదే ఉండాలి" అని ఆజ్ఞ ఎక్కణ్ణించి వస్తోందో వెతికింది. హైదరాబాదు కాదు. బయటి ఊరు కాదు. ఇదే బిల్డింగు. ఆ వైరు పట్టుకుని చూస్తూ పోతే, చివర అంటించిన చీటీ మీద రెండే మాటలున్నాయి — పాత కొట్టు.

వైరు పీకేద్దామని చెయ్యి వేసింది. దాని అవతల ఇంకా ఏమేం వేలాడుతున్నాయో తెలియదు, బిల్లింగు కూడా దాని మీదే ఉంటే? చెయ్యి వెనక్కి తీసుకుని కిందికి వెళ్ళింది.

"ఆమోసుగారూ... పాత కొట్లో ఎవరుంటారు?"

"ఎవరుంటారమ్మా, మూసేసి ఏళ్ళయింది కదా." అని గొంతు తగ్గించాడు. "పెద్దాయన తప్ప."

"అంటే?"

"ఉన్నదేదైనా మారిస్తే ఆయనకి పడదు తల్లీ... పైన మీరేం మార్చడం లేదు కదా?"

సింధూరి తలెత్తి సర్వర్ల గది వైపు చూసింది.

"ఓరి యేసయ్యా," అన్నాడు ఆమోసు, మెళ్ళో సిలువ పట్టుకుని.

మా పిల్లకి దెయ్యాలంటే నమ్మకం లేదు. భయం మాత్రం ఉంది. రెండూ వేరు కదా. కానీ ఆ రాత్రి దానికి దెయ్యం కన్నా తిరుపతిరావు అంటే ఎక్కువ భయం. ఆమోసుని వెనక రమ్మని, లోపలి మెట్ల మీదుగా పాత కొట్టు తలుపు దాకా వెళ్ళింది.

తలుపుకి తాళం లేదు.

తోసింది. చీకటి. సాంబ్రాణి వాసన గుప్పున కొట్టింది. మూలన అదే బుస. అదే పచ్చటి కన్ను... ఆర్పుతూ, తెరుస్తూ. ఆ వెలుగులో పరుపు మీద — తెల్లగా — దిండుకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని — ఎవరో కూర్చుని ఉన్నారు.

"ఎవరే అది..."

గుసగుస. సింధూరి వెనక్కి చెయ్యి చాపింది ఆమోసు కోసం. ఆమోసు లేడు. ఆయన చెప్పులు మాత్రం మెట్టు మీద ఉన్నాయి.

"చెప్పులు విప్పి రా. లక్ష్మి ఉన్న చోటు."

ఫోను టార్చి వేసింది. తెల్లచీర. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. తిరుపతిరావు వాళ్ళమ్మ, రావమ్మగారు.

"మామ్మగారూ! మీరా!"

"అరవకే. మావాడు లేస్తాడు."

ఆవిడ పక్కన పీట మీద ఒక పాత కంప్యూటరు. పసుపు పూసి, కుంకుమ పెట్టి, మల్లెదండ వేసి ఉంది. బుస దాని ఫ్యానుది. పచ్చటి కన్ను, వైరు గుచ్చినచోట మెరిసే చిన్న లైటు. సింధూరి నవ్వాలో ఏడవాలో తెలియక అక్కడే చతికిలబడింది.

"ఆయన ఆఖరి దసరాకి, మావాడు పోరగా పోరగా, తన చేత్తో బొట్టుపెట్టి ఆన్ చేశారే," అన్నారు రావమ్మగారు. "ఆయన వెలిగించిన దీపం. పైకి మారేటప్పుడు మావాడు దీన్ని పారేయమన్నాడు. నీకు ముందు ఇక్కడ పనిచేసిన లాజరు లేడూ, ఆ అబ్బాయిని బతిమాలుకున్నాను. వైరు తీస్తే దీపం ఆరిపోతుంది నాయనా, తీయకు అని. మంచివాడు, తీయలేదు."

తీయలేదు. లాజరు వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. పైన కొత్త ఆపరేటరు, కింద పూజలందుకుంటూ పాత ఆపరేటరు. ఒకే కొట్టుకి ఇద్దరు గుమస్తాలు! ఇన్నాళ్ళూ ఇద్దరికీ చెప్పింది ఒకటే కాబట్టి గొడవ రాలేదు. ఇవాళ పైవాడు కొత్తదాన్ని కూర్చోబెడుతుంటే, కిందవాడు దాన్ని లేపేసి పాతదాన్ని కూర్చోబెడుతున్నాడు.

"దీపం చూసుకోవడానికి రాత్రుళ్ళు ఇక్కడికొచ్చి కూర్చుంటారా మామ్మగారూ?" అని అడిగింది మా పిల్ల.

రావమ్మగారు దిండు మీద మోచెయ్యి సర్దుకున్నారు.

"దీపానికేమే, దాని మానాన అది వెలుగుతుంది. ఈ పరుపు మీద ఆయనున్నన్నాళ్ళూ నన్నొకసారైనా కూర్చోనిచ్చారా? కాఫీ గ్లాసు పెట్టి లోపలికి పోవడమేగా. పగలు కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారు? అందుకని రాత్రిపూట వస్తాను. ఇక్కణ్ణించి చూస్తే కొట్టు ఎంత బావుంటుందో తెలుసా?"

ఇది విన్నప్పుడు నేను నవ్వబోయి ఆగిపోయాను. మా ఆవిడ పక్కనే ఉంది.

సింధూరికి వైరు పీకడం చిటికెలో పని. కానీ ఆవిడ మొహం చూశాక పీకలేకపోయింది. "లైటు ఆరదు మామ్మగారూ, నాది పూచీ," అంది. పై కంప్యూటర్ని ఊరికే "ఉన్నావా, ఉన్నావా" అని పలకరిస్తూ ఉండమని ఆ పెట్టెకి నేర్పింది. ఆ పలకరింపు నడిచినంతకాలం లైటు మెరుస్తుంది. తర్వాత కుంకుమ గట్టిపడ్డ మీటల మీద తంటాలుపడి, పాత గుమస్తాకి ఉద్వాసన చెప్పే ఆజ్ఞ కొట్టింది. తెర మీద ప్రశ్న వచ్చింది: పెత్తనం వదిలేయమంటారా? పెద్ద మీట నొక్కితే అవునన్నట్టు.

అప్పుడే నొక్కకూడదు. ఆ రోజు ఆర్డర్లన్నీ పైన ఇంకోచోటికి కాపీ అవుతున్నాయి. అది పూర్తవకముందే పెత్తనం వదిలించి, ఏదైనా తేడా వస్తే ఆర్డర్లన్నీ గాల్లో కలుస్తాయి.

"పైకెళ్ళి చూసొస్తాను. దీన్ని ముట్టుకోకండి మామ్మగారూ."

"నేనెందుకు ముట్టుకుంటానే. ఆయన వస్తువు."

పైన కాపీ నత్తనడక నడుస్తోంది. సింధూరి గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది. తెల్లారగట్ల లారీల హారన్లు మొదలవబోతున్నాయి. చివరికి కాపీ పూర్తయిందని తెర మీద పడింది. హమ్మయ్య అని కిందికి దిగబోతూ వెనక్కి చూసింది...

కొత్త ప్రతి లేచి ఉంది. చావలేదు.

రెండోది లేచింది. చావలేదు.

మూడోదీ లేచింది.

తను అవునని చెప్పనే లేదు! కింద ఎవరున్నారు? ఇంగ్లీషు ముక్క రాని ఒక పెద్దావిడ. ఇంకా... ఇంకా ఎవరున్నారు? మెట్లు ఎలా దిగిందో దానికి ఇప్పటికీ గుర్తులేదట.

పచ్చలైటు మెరుస్తోంది. రావమ్మగారు దిండుకి ఆనుకుని కదలకుండా కూర్చుని ఉన్నారు. పెద్ద మీట మీద తడి ఆరని పసుపు వేలిముద్ర.

"మామ్మగారూ... ఎవరు నొక్కారు?"

"తెర మీద అది నువ్వెళ్ళిన దగ్గర్నుంచీ మెరుస్తూనే ఉందే. ఏదో అడుగుతోంది పాపం. ఏమడిగిందో నాకేం తెలుసు."

"ముట్టుకోవద్దన్నాను కదండీ! ఇంకొక్క నిమిషం ముందు నొక్కి ఉంటే నా ఉద్యోగం..."

"వద్దన్నావు. ఆయనున్నా వద్దనే అనేవారు," అన్నారు రావమ్మగారు. కళ్ళజోడు తీసి పైటచెంగుతో తుడుచుకున్నారు. "ఆయన లేరుగా. ఇక్కడ కూర్చున్నది నేను. సరేనన్నాను."

ఆవిడ తెరవైపు చూసి, సింధూరి దగ్గరికి జరిగి, గుసగుసగా అడిగారు.

"మళ్ళీ ఎప్పుడడుగుతుందే?"