మాలెమె గట్టు మీద నీళ్ళడిగేవాడు

మాలెమె విమానాల మైదానం పక్కన, ఎండిపోయిన ఏటి గట్టు మీద ముసలి ఆలివ్ చెట్టొకటి ఉంది. పొద్దుగూకాక ఆ దారిన ఎవరూ పోరు. పారాచూట్‌లో దిగి చచ్చిన జర్మనోడొకడు ఆ చెట్టు కింద నిలబడి, "నీళ్ళు... నీళ్ళు..." అని అడుగుతాడట. ఐదేళ్ళుగా దాని కాయలు కూడా ఎవరూ ఏరలేదు. మా క్రీట్ దీవి వాళ్ళు రాలిన ఆలివ్ కాయని వదిలేశారంటే ఎంత భయమో మీరే ఊహించుకోండి.

ఆ దెయ్యానికి భయపడనివాడు ఊళ్ళో ఒక్కడే — గాడిదలు తోలే సిఫీస్. ఎందుకంటే, దాన్ని పుట్టించిందే వాడు.

ఐదేళ్ళ కిందట జర్మన్లు దీవి మీద దిగినప్పుడు, మైదానం కోసం జరిగిన పోరులో, మే నెల ఎండలో, వాడి నేస్తం మనూసోసూ, ఒక జర్మన్ కుర్రాడూ ఒకరి మీద ఒకరు పడి చచ్చిపోయారు. ఇద్దరికీ ఇరవై నిండలేదు. అవతల శత్రువుల విమానాలు దిగుతున్నాయి... సిఫీస్ ఒక్కడే, చేతిలో విరిగిన పార. ఒకటే గొయ్యి తవ్వి, ఇద్దర్నీ అందులోనే పూడ్చాడు. తర్వాత మనూసోస్ తల్లికి ఈ మాట చెప్పడానికి నోరు రాలేదు. "శవం దొరకలేదు పిన్నీ" అనేశాడు. అక్కడెవరూ తవ్వకుండా దెయ్యాన్ని కాపలా పెట్టాడు.

ఒక రాత్రి పక్క ఊరినుంచి వస్తూ ఎప్పట్లాగే అటు తిరిగాడు. గాడిద ఉన్నట్టుండి ఆగిపోయింది.

చెట్టు కింద... తెల్లగా ఏదో కదులుతోంది.

టక్... టక్... గట్టివేవో ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు. దాంతోపాటు సన్నగా — జోలపాట!

సిఫీస్ గుండె ఝల్లుమంది. తను అల్లిన అబద్ధానికి ప్రాణం వచ్చిందా? గబగబా మూడుసార్లు సిలువ గీసుకున్నాడు.

"ఎ... ఎవరది?"

"నేనేరా. అరవకు."

మనూసోస్ తల్లి ఆర్గిరో! నేల మీద తెల్లదుప్పటి సర్దుతోంది. పక్కన గునపం, వైన్ కూజా. మా దగ్గర, మనిషి పోయిన కొన్నేళ్ళకి ఎముకలు తీసి, వైన్‌తో కడిగి, పేరు రాసిన పెట్టెలో పెడతారు. అదయ్యేదాకా కన్నతల్లికి మనశ్శాంతి ఉండదు.

"పిన్నీ... ఇక్కడని నీకెవరు చెప్పారు?"

"నువ్వే. మనూళ్ళో కోళ్ళ దొంగొస్తే పదిమంది చూస్తారు. ఈ దెయ్యాన్ని మాత్రం నువ్వొక్కడివే చూశావు. అబద్ధమాడ్డం కూడా చేతకాదురా నీకు."

దుప్పటి మీద రెండు పుర్రెలున్నాయి. రెండూ శుభ్రంగా కడిగి ఉన్నాయి.

"ఏది నా బిడ్డ, సిఫీస్?" గుసగుసగా అడిగింది.

వాడు గాడిద మీది లాంతరు తెచ్చి దగ్గరగా పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. చిన్నప్పట్నుంచీ ఒకే కంచంలో తిన్న నేస్తం... ఆనవాలు పట్టలేకపోయాడు. ఏడుపొచ్చేసింది.

"తెలీదు పిన్నీ. నన్ను క్షమించు."

ఆమె రెండు పుర్రెల్నీ ఒళ్ళోకి తీసుకుంది.

"ఒకణ్ణి ముద్దు పెట్టుకుంటాను. అయ్యో, వీడు కాదేమో, నావాడు పక్కనుంచి చూస్తున్నాడేమో అని రెండోవాణ్ణి తీసుకుంటాను. అప్పుడు మొదటివాడే నావాడనిపిస్తుంది... పొద్దుగూకినప్పట్నుంచీ ఇదే పని, నాయనా."