కుట్టుగదిలో ఎండ

పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టకముందే అత్తగారు కుట్టుగది కిటికీకి మందపాటి పరదా లాగేసేది. ఆ ఇంట్లో అదొక శాసనం. ఎండ తగిలితే పట్టు వెలిసిపోతుంది, వెలిసిన బట్టను ఎవరు ఒప్పుకుంటారు? అందుకే పట్టపగలు కూడా దీపం కిందే రెండు మిషన్లూ టకటకలాడేవి. వాటి మధ్య గుడ్డపీలికల కుప్పలో మనవరాలు బుడ్డి ఆడుకునేది. రెండో పుట్టినరోజు దగ్గరకొస్తున్నా, నాలుగడుగులు వేసి కూలబడేది.

ఆ పొద్దున కోడలు గదిలోకి వస్తూనే పరదాను బర్రున పక్కకి లాగింది.

“అయ్యయ్యో! పెళ్లివాళ్ల పట్టు తల్లీ! వెయ్యి పరదా!”

“వెయ్యను అత్తయ్యా. పట్టునే పెట్టెలో పెట్టండి. డాక్టరమ్మ ఏమందో నిన్ననే చెప్పానుగా. బుడ్డి ఒంట్లో డి విటమిన్ లేదు. ఎముకలు మెత్తబడి కాళ్లు వంగుతున్నాయి. రాసిచ్చిన చుక్కలమందు వెయ్యాలి, ఎండా తగలాలి.”

“ఆ కాళ్లు మా వంశానివే. మీ మామగారూ అలాగే ఊగుతూ నడిచేవారు. ఆయనకి పిల్లనివ్వలేదా?”

“ఇచ్చారు, ఆ పిల్ల మీరేగా! మీరు ఒప్పుకున్నారేమో, నేను ఒప్పుకోను.”

కత్తిరింపు బల్ల దగ్గర కోడలి భర్త దగ్గాడు. “పొద్దున్నే మొదలెట్టారా?”

“మీరు గుడ్డ చూసి కత్తిరించండి, వేలు తెగుతుంది” అంది కోడలు.

“ఆడపిల్లే! ఎండలో మాడి నల్లబడితే రేపు ఎవడు చూస్తాడు?” అంది అత్తగారు.

“నల్లగా పరిగెత్తనివ్వండి అత్తయ్యా! తెల్లగా కూలబడితే ఎవరికేం ఒరిగింది?” కోడలు పరదాను వదల్లేదు. “కడుపు నిండితే చాలనుకున్నాను ఇన్నాళ్లూ. తెలియక ఊరుకున్నాను. తెలిశాక కూడా ఊరుకుంటే నేనేం తల్లిని?”

పిల్లను చంకనేసుకుని మేడ మీదకు వెళ్లిపోయింది.

కిందికి వచ్చేసరికి అత్తగారు మూతి ముడుచుకుని కూర్చునుంది. “పుట్టినరోజుకి పాంటు కుడతాను. నిలబెట్టు దాన్ని” అంది గోడతో చెప్పినట్టు.

ఇన్నాళ్లూ మనవరాలికి పాదాల దాకా గౌన్లే కుట్టింది. కాళ్లు కొలవడం ఇదే మొదలు. చీలమండలు దగ్గరగా పెట్టి నిలబెట్టింది. మోకాళ్లు కలవలేదు. ఆ సందులోంచి అత్తగారి పిడికిలి దూరిపోయింది. ఎందరికో కొలతలు తీసిన చేతికి టేపు ఎలా పెట్టాలో తెలియలేదు.

“ఇలా ఉన్నాయేమిటే ఇవి?” పిల్ల మోకాళ్లు నిమిరింది. “తిన్నగా అవుతాయా?”

“చిన్నప్పుడే కనిపెట్టాం కాబట్టి అవుతాయంది డాక్టరమ్మ. మనం వదలకుండా చేస్తే.”

అత్తగారు స్టూలు లాక్కుని ఎక్కి పరదాను కొక్కేల నుంచి ఊడదీసింది. మేడ మీద పరిచి, దాని మీద బుడ్డిని కూర్చోబెట్టింది.

మర్నాడు పొద్దున పెళ్లికూతురి తల్లి వచ్చి గడపలోనే ఆగిపోయింది. “ఇదేమిటండీ, కిటికీ బార్లా తీశారు! పట్టు వెలిసిపోదూ? మేడ మీద వాళ్ల నాన్న దగ్గరున్న ఆ పిల్ల నల్లబడిపోదూ?”

అత్తగారు మిషన్ ఆపింది. “మీ పట్టు పెట్టెలో భద్రంగా ఉంది. వెలిస్తే కొత్తది కొని కుట్టిస్తాను. ఎముకకి కుట్టు వెయ్యడం మాత్రం నాకు రాదమ్మా. మీ ఇంట్లో పసివాళ్లుంటే ముందు డాక్టరుకి చూపించండి. నాకు కొలతలు తర్వాత ఇద్దురుగాని.”

పక్కన కోడలు సూదిలో దారం ఎక్కించబోయింది. కళ్లు మసకబారి చేతకాలేదు. అత్తగారు సూది లాక్కుంది.

“ఇలా తే! ఇంత వెలుతురులో కూడా కనపడదూ?”