కేవిటీలో మిరపగింజ

రెబ్కా మెట్లెక్కి వచ్చేసరికి కోటేశ్వరి ఒక పెళ్ళికొడుకు తాగుతాడా లేదా అన్న రిపోర్టు చెప్పి రాయిస్తోంది. చిలకలూరిపేటలో జిరాక్సు షాపు మీద ఆమె నడిపే డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చేవన్నీ దాదాపు పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలే. మేడమ్ బుర్రకి తగ్గ నేరం ఈ ఊళ్ళో ఒక్కడూ చెయ్యడం లేదే అని అసిస్టెంటు ఆదాంకి తీరని బెంగ.

"నా ఉద్యోగం పోతోందండీ!" అంటూ రెబ్కా భోరుమంది.

పాపం ఆదాం మనసు గంతులేసింది. వెంటనే సిగ్గుపడి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

హైవే పక్కనున్న ఇంజనీరింగు కాలేజీలో రెబ్కా ఫిజిక్సు ల్యాబు చూస్తుంది. పరమాణువుల ముక్కల్ని పరుగులు పెట్టించే యంత్రాల్లో వాడే రాగి గొట్టం ఒకటి అక్కడ తయారైంది. నడుమ ఉబ్బుగా ఉండే దాన్ని కేవిటీ అంటారు. దాని లోపల నయోబియం అనే లోహాన్ని వెంట్రుకలో యాభయ్యో వంతు మందాన పూశారు. ద్రవ హీలియంలో ముంచి గడ్డకట్టే చలికన్నా ఇంకా ఎంతో చల్లబరిస్తే, ఆ పూతలో కరెంటు దాదాపు అడ్డూ ఆపూ లేకుండా పారుతుంది. నలుసు పడిందా, అక్కడ వేడెక్కి మొత్తం దండగ.

"నిన్న అందరూ చూసి మెచ్చుకున్నాక నేనే మూత పెట్టి గదికి తాళం వేశానండి. పొద్దున తీస్తే లోపల మచ్చలు! తాళంచెవులు రెండే, నా దగ్గరొకటి, హెచ్.ఓ.డి. గారి దగ్గరొకటి. సాయంత్రం దీన్ని తీసుకెళ్ళే పెద్ద ల్యాబువాళ్ళు వచ్చేలోపు ఆయన నన్ను తప్పొప్పుకుని రాజీనామా ఇమ్మంటున్నారు."

"స్కూటరు తియ్యి, ఆదాం," అంది కోటేశ్వరి.

కేవిటీ నోటి దగ్గర ఆమె టార్చి వేసి చూసింది. లోపల ఒక ఎండు మిరపగింజ, రెండు కళ్ళుప్పు పలుకులు. ఉప్పు తగిలినచోట పూత మసకబారింది.

"ఇంకేం కావాలండీ?" అన్నాడు హెచ్.ఓ.డి. శ్రీకృష్ణ. మూఢనమ్మకాల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషి. ఎర్రబడ్డ కుడి కంటికి రుమాలు అద్దుకుంటున్నాడు. "ఈ అమ్మాయి ఇక్కడే క్యారేజీ విప్పి తినుంటుంది. గ్లవ్స్ లేందే ఈగని కూడా రానివ్వను నేను!"

"కంటికేమైంది సార్?"

"రోడ్డు దుమ్మండి."

తర్వాత కాలేజీ కరస్పాండెంటు అంకమ్మరావు వచ్చాడు. మిర్చి కోల్డ్ స్టోరేజీ ఓనరు. ఆయన చొక్కా దులిపితే గదంతా తుమ్ములే. ఆదాం కోటేశ్వరి చెవిలో "దొరికాడు మేడమ్!" అని గొణిగాడు.

"దుమ్ముంది, ఉప్పేదిరా?" అందామె.

"నేను నిన్న చూసిందే అమ్మా," అన్నాడు అంకమ్మరావు. "అబ్బబ్బ, ఏం మెరుపు! ఇంత అందమైన వస్తువు నా జన్మలో చూళ్ళేదన్నాను." ఆ మాటకి వెనకాల అటెండరు దానయ్య గతుక్కుమని తల దించుకున్నాడు. కోటేశ్వరి అది చూసింది.

గంట గడిచాక అందర్నీ ల్యాబులో కూర్చోబెట్టింది.

"కూరలో గింజైతే ఉడికి, నూనె పట్టి ఉంటుంది. ఇది ఎండుది. ఎండు మిరపకాయలూ కళ్ళుప్పూ గుప్పిట్లో కలిసేది ఒక్క పనికే. ఈ కేవిటీకి ఎవరో దిష్టి తీశారు."

"మూర్ఖత్వం!" శ్రీకృష్ణ లేచాడు. "అదెలా తీస్తారో కూడా నాకు తెలీదు!"

"నాకూ సరిగ్గా రాదండీ." కోటేశ్వరి గుప్పిడి బిగించి కేవిటీ ముందు కుడి నుంచి ఎడమకి మూడుసార్లు తిప్పింది. "అంతే. అయిపోయింది."

"అయిపోవడమేంటండీ! ఎడమ నుంచి కూడా తిప్పాలి, లేకపోతే సగం దిష్టి అలాగే—"

శ్రీకృష్ణ నాలిక్కరుచుకున్నాడు. ఆదాం ఆనందం పట్టలేక కుర్చీ చెయ్యి గిల్లాడు.

"రాత్రి మీ తాళంచెవితో గది తీశారు. గ్లవ్స్‌తో దిష్టి పోదని మీ నమ్మకం, అందుకే వాటిని తీసేశారు. దిష్టి తగిలింది లోపలి మెరుపుకి కాబట్టి మూతా తీశారు. గుప్పిట్లోంచి జారినవి మీరు చూసుకోలేదు. ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నారు."

శ్రీకృష్ణ కూలబడ్డాడు. "ఏడేళ్ళ కష్టమండీ. నిన్న కరస్పాండెంటు గారు మెచ్చుకోగానే గుండె ఆగినంత పనైంది. ఆయన బాగుందన్న పత్తిచేను మూణ్ణాళ్ళలో ఎండిపోయిందని ఊరంతా... పొద్దున మచ్చలు చూశాక ఎలా చెప్పుకోను? నలుగురూ నవ్వరూ?"

"అంటే నా కన్ను అంత పాపిష్టిదా?" అంకమ్మరావు కుర్చీ తన్నుకుంటూ లేచాడు. "దానయ్యా, నువ్వు చెప్పరా!"

దానయ్య కిటికీలోంచి బయటకి చూశాడు.

రెబ్కా ఈసారి ఏడవలేదు. పొద్దుటి నుంచీ అదిమిపెట్టుకున్న కోపమంతా గొంతులోకి వచ్చేసింది. "మీరు నవ్వులపాలు కాకూడదని నన్ను రోడ్డున పడేస్తారా సార్? యాసిడ్‌తో ఈ పూత తీసేసి కొత్తది వేసుకోవచ్చు. నా పేరుకంటిన మచ్చ దేంతో తీస్తారు?"

సాయంత్రం పెద్ద ల్యాబువాళ్ళ ముందు శ్రీకృష్ణ నిలబడి, మిరపకాయలతో సహా జరిగింది జరిగినట్టు చెప్పాడు. వాళ్ళు నవ్వారు, చాలాసేపు నవ్వారు. ఆయన తల వంచుకుని తన తాళంచెవి రెబ్కా చేతిలో పెట్టాడు. మళ్ళీ పూత వేసేదాకా ఆ గది ఆమెదేనని వాళ్ళే తేల్చేశారు.

అంకమ్మరావు ఆమెని అభినందించబోయి, నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

"ఫర్లేదండీ, మెచ్చుకోండి," అంది రెబ్కా. "నాకేం కాదు."