జవాబు రెండో గుమ్మంలోంచి

ఉదయం తొమ్మిదింటికి ఒక రేవు పట్టణంలో, గొడుగుల దుకాణం ముందు, ఏజెంట్ ‘కొంగ’ కూలిపోయాడు. విదేశీ ముఠా గురి తప్పలేదు. పదకొండింటికి అదే దుకాణానికి ఏజెంట్ ‘పిచ్చుక’ వెళ్ళాలి. ఆ పిల్లకి ఈ సంగతి తెలియదు.

హెడ్‌క్వార్టర్స్‌లో పెద్దాయన బ్రీఫింగ్ నాలుగు ముక్కల్లో ముగించాడు.

“పిచ్చుక ఫోన్ నంబరు వారం వారం మారుతుంది. అది డేటాబేస్‌లో తప్ప ఎవరి బుర్రలోనూ లేదు. ఆ డేటాబేస్ పొద్దున్నుంచి పలకడం లేదు. ఇంటిదొంగ పని. నువ్వు చూడు, తాబేలూ.”

తాబేలు తల ఊపాడు. పిచ్చుకకి పని నేర్పింది అతనే. భార్య పోయిన ఈ రెండేళ్ళలో ‘తిన్నారా బాబాయ్’ అని కోప్పడే గొంతు అదొక్కటే మిగిలింది.

ఏసీ మెకానిక్ వేషంలో, భుజాన నిచ్చెనతో, పదిన్నరకి ఆపరేటర్ గదిలోకి వెళ్ళాడు. ఆపరేటర్‌ని అందరూ ‘బుల్లెట్’ అంటారు, ఒంటివేలితో టైప్ చేస్తాడు గనక. కిటికీలో ఎవరో మొక్కకి నీళ్ళు పోసి వెళ్ళారు. ఇంత హడావిడిలోనూ దాన్ని మరిచిపోని చెయ్యి ఎవరిదో, చల్లగా ఉండాలి అనుకున్నాడు.

“సర్వర్ బతికే ఉంది సార్,” అన్నాడు బుల్లెట్, వేషం కింద మనిషిని గుర్తుపట్టి. “పింగ్ చేస్తే, అదే, ఉన్నావా అని పిలిస్తే పలుకుతోంది. డేటాబేస్ అడిగితే మాత్రం దొరకలేదంటోంది. పెళ్ళికొడుకు ఉన్నాడు, పెళ్ళే లేదన్నట్టు.”

తాబేలు జేబులోంచి కళ్ళజోడు పెట్టె తీసి నెట్‌వర్క్ కేబుల్‌కి తగిలించాడు. వైరులో పోయే ప్రతి మాటనీ ఆ పెట్టె చూపిస్తుంది. చూడగా చూడగా సంగతి తేలింది. బుల్లెట్ కంప్యూటర్ సర్వర్‌ని ‘డేటాబేస్ ఏ పోర్టులో ఉంది’ అని, అంటే ఏ నంబరు తలుపు వెనక ఉందని, అడుగుతోంది. సర్వర్ జవాబిస్తోంది కూడా. కానీ ఆ జవాబు వేరే అడ్రస్ నుంచి వస్తోంది. అడిగింది ఒకరిని, పలికింది ఇంకొకరు. అపరిచితుడి మాట అనుకుని, కాపలా కాసే ఫైర్‌వాల్ దాన్ని బయటే పారేస్తోంది.

తాబేలుకి నవ్వొచ్చింది. ‘అడిగిన నోటి నుంచి రాని జవాబు నమ్మకు’ అని కొత్త ఏజెంట్లకి రూలు రాసింది తనే. పాపం, ఈ కంప్యూటర్ తన రూలే పాటిస్తోంది.

అతని ఇంటికీ రెండు గుమ్మాలు. ముందు గుమ్మం తడితే భార్య వెనక గుమ్మంలోంచి పలికేది. కొత్తలో అతను తెల్లబోయి నిలబడేవాడు.

“బుల్లెట్, ఆ సర్వర్‌లో ఈమధ్య ఏమైనా మార్చావా?”

బుల్లెట్ నోరు తెరిచేలోపు గుమ్మంలోంచి జవాబు వచ్చింది.

“రెండో నెట్‌వర్క్ కార్డు సంగతేనా? బ్యాకప్ కోసం పెట్టారట.”

నెమలి. ఆకుపచ్చ పట్టు చీర, గదంతా సెంటు, చేతిలో టీ కప్పు. విదేశీ శాఖకి అందగత్తె, మేధావి. కప్పు అతని ముందు పెట్టింది. “పంచదార లేదు, మీకు నచ్చినట్టే,” అని వెళ్ళిపోయింది.

“రెండో కార్డేంటి సార్?” అన్నాడు బుల్లెట్ అయోమయంగా. “ఉన్నది ఒకటేగా.”

తాబేలు టీ వంక చూశాడు. తన టీలో పంచదార ఉండకూడదని గుర్తున్న మనిషి ఈ ఆఫీసులో ఆమె ఒక్కతే. కప్పు ముట్టకుండా పక్కకి జరిపాడు.

“పెద్దాయనకి ఫోన్ చెయ్యి. నేను పక్కనున్న సర్వర్ గదిలోకి వెళ్తున్నా. పోర్టు నంబరు అక్కడి తెర మీద ఉంటుంది. నంబరు మనమే చెప్పేస్తే ఇక అడిగే పనే లేదు, నేరుగా తలుపు తీసుకుని వెళ్ళడమే. నన్ను తిరిగి రానివ్వకపోవచ్చు, గోడ మీద తడతాను. లెక్కపెట్టి, సర్వర్ అడ్రస్ పక్కన కామా పెట్టి ఆ నంబరు కొట్టు.”

సర్వర్ గదిలో రెండు కార్డుల దీపాలు మిణుకుమంటున్నాయి. ఆ వేరే అడ్రస్ రెండోదానిదే. తెర మీద పోర్టు కనిపించింది: 4125. వెనక తలుపు గొళ్ళెం పడింది.

“మీరు రాకుండా ఉంటే బాగుండేది,” అంది నెమలి. చేతిలో పిస్తోలు చిన్నదే, గానీ దూరం మరీ తక్కువ. “పదకొండు దాటేదాకా కదలకండి.”

తాబేలు గోడకి ఆనుకున్నాడు. వేళ్ళు గోడని తాకాయి. నాలుగు సార్లు. ఆగి, ఒకసారి.

“చెయ్యి వణుకుతోందా?”

“వయసమ్మా.” రెండు సార్లు.

“మందులు వాడడం లేదా?”

“గుర్తుచేసేవాళ్ళు లేరు.” ఐదు సార్లు.

గోడ అవతల ఒంటివేలు టకటకలాడింది. ఇంత నెమ్మదిగా టైప్ చేసే మనిషిని తాబేలు జీవితంలో చూడలేదు. గడియారం ముల్లు పదకొండు మీదికి ఎక్కుతోంది.

“కలిసింది సార్, పిచ్చుక నంబరు దొరికింది,” అని బుల్లెట్ గొంతు. కాసేపటికి మళ్ళీ: “పిచ్చుక వెనక్కి తిరిగింది సార్. దుకాణం మెట్టు మీద ఉండగా.”

తలుపు బద్దలైంది. గార్డులతో పెద్దాయన. నెమలి పిస్తోలు సర్వర్ మీద పెట్టేసింది.

“ఎక్కడ దొరికాను?”

“బుల్లెట్‌ని అడిగితే నువ్వు పలికావు. కార్డు అన్న మాట నేను ఎత్తనేలేదు.”

ఆమె తల దించుకుంది. “టీ మాత్రం మంచి మనసుతోనే ఇచ్చాను.”

“తెలుసు,” అన్నాడు తాబేలు. వెనక్కి వెళ్ళి, చల్లారిన ఆ టీ తాగేశాడు.

సాయంత్రం ఇంటికి చేరాడు. అలవాటు చొప్పున ముందు తలుపు తట్టాడు. వెనక గుమ్మం వైపు చెవి పెట్టాడు. ఏ గుమ్మమూ పలకలేదు. తాళం తీస్తుంటే జేబులో ఫోన్ మోగింది. కొత్త నంబరు.

“బాబాయ్, నేను బాగానే ఉన్నా. మీరు తిన్నారా?”

“నేనేం అడగలేదుగా.”

“మీరు అడగరనే చెప్తున్నా.”

తెలియని నంబరు, అడగని జవాబు. తను రాసిన రూలు ప్రకారం ఇందులో ఒక్క ముక్క నమ్మకూడదు. తాబేలు అన్నం వండుకోడానికి లోపలికి వెళ్ళాడు.