కొయ్యకాళ్ళకు వచ్చిన పిలకలు

దారం కట్టిన పెన్ను ఏదీ రాయదు. బ్యాంకులోనైనా, పోస్టాఫీసులోనైనా, పరిశోధన సంస్థలోనైనా అంతే. ఎవరూ ఎత్తుకుపోకూడదని దారం కడతారు. రాయని పెన్నును ఎవరైనా ఎందుకు ఎత్తుకుపోతారో కట్టినవాళ్ళకే తెలియాలి. మనం మాత్రం దాన్ని విదిలించి, అరచేతి మీద సున్నాలు చుట్టి, కొసకు నోటి ఆవిరి పట్టి, చివరికి రాసినట్టు నటించి వచ్చేస్తాం.

ఒక పరిశోధన సంస్థ మొదటి అంతస్తులో సాధనాల గది తలుపు పక్కన అలాంటి పెన్నూ, దానికి తగ్గ రిజిస్టరూ ఉన్నాయి. లోపల లాగుడు యంత్రం ఉంది. ఏ వస్తువునైనా రెండు కొసలా పట్టుకుని, తెగేదాకా లాగి, ఎంత బలానికి తెగిందో చెప్పడం దాని పని. ఐదు విభాగాలకు అదొక్కటే. కనుక అది వస్తువులకన్నా మనుషుల్నే ఎక్కువగా తెగేదాకా లాగేది.

ఆ గురువారం ఉదయం తొమ్మిదింటికి దాని ముందు ఇద్దరున్నారు.

అబ్బాయిది పదార్థాల విభాగం. పొద్దస్తమానం వేడి పెట్టెల పక్కనే ఉంటాడని అందరూ కొలిమి అంటారు. అమ్మాయిది మొక్కల విభాగం. ఎత్తు తక్కువ, పట్టు ఎక్కువ. ఆమెను మొలక అంటారు. ఎదురుగా కాదు.

మొలక రిజిస్టరు తెరిచి ఆ రోజు గడి చూపించింది. గడిలో ఏమీ లేదు. ఆమె పేజీని కిటికీ వైపు ఏటవాలుగా పట్టుకుంది. సిరా లేని పెన్ను నొక్కిన గుంటలు సన్నగా కనిపించాయి.

"చదవండి. వరి కాడలు, తొమ్మిది నుంచి పదకొండు."

"ఇది రాతాండీ? శాసనంలా ఉంది."

"చదవొచ్చుగా మరి."

కొలిమి యంత్రం వదిలేశాడు. న్యాయం ఆమె వైపు ఉందన్నాడు. పేజీని వెలుతురుకి పట్టినప్పుడు ఆ వెలుతురు ఆమె ముఖం మీద కూడా పడిందన్న సంగతి మాత్రం పైకి చెప్పలేదు.

పోనీ వెళ్ళిపోయాడా అంటే అదీ లేదు. స్టూలు లాక్కుని కూర్చుని చూశాడు. ఆమె గడ్డిపరకల్లాంటి కాడల్ని ఒక్కొక్కటే యంత్రం పళ్ళకి బిగిస్తోంది. జారిపోతున్నాయి. అయిదోది జారాక అతను లేచి, పళ్ళ మధ్య గరుకు కాగితం ముక్కలు పెట్టి బిగించాడు. ఆరోది జారలేదు. ఆమె థాంక్స్ చెప్పలేదు గానీ, వచ్చే గురువారం ఖాళీయేనా అని అడిగింది. అబ్బాయిల లెక్కలో అది థాంక్స్ కన్నా పెద్దది.

నాలుగు గురువారాల్లో అతనికి కథంతా తెలిసింది. గాలివానకు వరి చేను నేలకు ఒరిగిపోతుంది, ఒరిగిన చేలో గింజ పాడైపోతుంది. మొలక రెండేళ్ళపాటు పన్నెండు వందల మొక్కల్ని పెంచి, ఫ్యాను గాలికి వంచి చూస్తే, అందులో ఒక్కటంటే ఒక్కటి వంగి మళ్ళీ నిటారుగా లేచింది. దానిలో ఏదో జన్యువు మారింది. ఏది మారిందో ఇంకా తెలియదు. తెలియాలంటే దాని గింజలు వేసి, పిల్ల మొక్కల్ని పెంచి, వాటిల్లో వెతకాలి. ఇంకా డెబ్బై రెండు రోజుల్లో సమీక్ష ఉంది. అప్పటికి కాడ బలం అంకెలూ, చేతిలో గింజలూ చూపించకపోతే పని మూసేసి, మొక్కలు పెంచే గాజు ఇంటిని ఇంకొకరికి ఇచ్చేస్తామని మొలక పైఅధికారి పెద్దమేడం ముందే చెప్పేశారు.

ఇంతలో ఆ మొక్క పండింది. దాన్నీ, పోల్చి చూడటానికి పెంచిన పదమూడు మామూలు మొక్కల్నీ మొలక ఒకేరోజు కోసింది. మర్నాడు వాళ్ళమ్మకు కంటి ఆపరేషన్. అందుకని సాయంత్రం కాడల కట్టను కంకులతో సహా కొలిమి చేతికిచ్చింది. ఏ కంకి ఏ కాడదో తెలియాలి కనుక ఇంకా విడదీయలేదంది. పొద్దున్నే లాగి అంకెలు రాసిపెట్టమంది, జాగ్రత్త అంది.

ఆరబెట్టొద్దు అని మాత్రం చెప్పలేదు. ఎందుకు చెబుతుంది? పసిపిల్లను ఎత్తుకోమని ఇచ్చేటప్పుడు ఇస్త్రీ చేయకండి అని ఎవరైనా చెబుతారా?

కానీ కొలిమి వృత్తిలో తడి పరమ శత్రువు. తడి ఉంటే అంకె అబద్ధమాడుతుంది. ఏ నమూనా వచ్చినా వేడి పెట్టెలో పెట్టి ఆరబెట్టాకే యంత్రం ఎక్కించాలని అతనికి ఉగ్గుపాలతో నేర్పారు. మిగతావాళ్ళ నమూనాలైతే ఏదో పళ్ళెంలో పడేసేవాడు. వీటిని మాత్రం ఒక్కొక్కటే రేకు కాగితంలో చుట్టి, నంబర్లు వేసి, ప్రేమగా పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం మొలక ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చింది. బల్ల మీద కాడలు బంగారు రంగులో, గలగలలాడుతూ ఉన్నాయి. లాగితే అన్నీ అగ్గిపుల్లల్లా విరిగాయని అతను కాస్త బాధపడుతూ చెప్పాడు.

ఆమె ఒక గింజ తీసి గోటితో నొక్కింది.

"ఎన్ని డిగ్రీలు?"

"నూట అయిదు."

"ఎంతసేపు?"

"సాయంత్రం నుంచి పొద్దుటిదాకా. అన్నీ సమానంగా ఆరాయండి."

ఆమె స్టూలు మీద కూర్చుంది. తిట్టలేదు, ఏడవలేదు. గింజను బల్ల మీద పెట్టింది.

"ఇవి విత్తనాలు. ఇప్పుడు పేలాలు కూడా కావు."

ఆమె కట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

రెండు రోజులు అతను ఏం తిన్నాడో అతనికే తెలియదు. క్షమాపణ ఉత్తరం రాశాడు. అందులో వేడి పెట్టె ఉష్ణోగ్రత పట్టిక కూడా జత చేశాడు. చదువుకుంటే సిగ్గేసి చింపేశాడు. మూడో రోజు పొద్దున్నే మొక్కల విభాగానికి వెళ్ళి ఆమె బల్ల ముందు నిలబడ్డాడు.

"నన్ను తిట్టండి. కానీ దానికి ముందు ఒకటి చెప్పండి. మిగతా ముక్క ఎక్కడ పెట్టారు?"

"ఏం ముక్క?"

"నమూనా మొత్తం ఎవరూ వాడరు కదా. మేమైతే సగం దాస్తాం. మీరు మొక్కను పైనుంచి కోశారు. కింది సగం ఏది?"

అడిగినవాడికి మొక్కల గురించి ఓనమాలు రావు. అతనికి అది ఇనుప కడ్డీలో మిగిలిన తుండు లాంటిదే. కానీ మొలక కళ్ళు పెద్దవయ్యాయి. కోసిన వరి కొయ్యకాలు, అంటే మట్టిలో మిగిలిన మొదలు, బతికే ఉంటుంది. నీళ్ళు పడితే మళ్ళీ పిలకలు వేస్తుంది. పొలం గట్టు మీద నిలబడ్డ ఎవరికైనా తెలిసిన సంగతి, అంత చదువు చదివిన తనకు దుఃఖంలో తట్టలేదు.

"కుండీలు పారేశారు," అంటూనే లేచి పరుగెత్తింది.

వాడేసిన కుండీల్ని ఆవిరి పట్టి, మట్టితో సహా చంపేశాకే బయట పడేయాలని అక్కడ నియమం. ఆ పని చూసే పెద్దాయన్ని అందరూ బాబాయి అంటారు. ఆయన వాయిదాలు వేయడంలో దిట్ట. రెండేళ్ళుగా ఆయన మీద ఫిర్యాదులు రాసిన మొలక, ఆ రోజు ఆయన సోమరితనానికి చేతులెత్తి దండం పెట్టింది. కుండీలు ఇంకా పెరట్లోనే గుట్టగా పడి ఉన్నాయి.

కాకపోతే ఒక్క పని మాత్రం బాబాయి చురుగ్గా చేశాడు. మళ్ళీ పనికొస్తాయని పేర్ల చీటీలన్నీ పీకి, కడిగి, రబ్బరు బ్యాండు వేసి దాచాడు.

వాన మొదలైంది. పద్నాలుగు కుండీల్లో మూడు పగిలి మట్టి కొట్టుకుపోయింది. మిగిలిన పదకొండూ కొలిమి ఒక్కొక్కటే ఎత్తి మోశాడు. గొడుగు కుండీకి పట్టి తాను తడిశాడు. పెరట్లో నిండిన నీళ్ళకు కొయ్యకాళ్ళు కుళ్ళిపోతాయేమోనని అతని భయం. మొలక చూసింది. కుండీలోని వరి వానకు తడవకుండా గొడుగు పట్టిన మనిషిని ఆమె చూడటం అదే మొదటిసారి. నవ్వొచ్చింది గానీ, ఇంకా కోపంలోనే ఉన్నానని గుర్తుచేసుకుంది.

"ఇప్పుడైనా తిడతారా?"

"టైం లేదు. సమీక్ష అయ్యాక తీరిగ్గా తిడతాను."

పదకొండులో తొమ్మిది చిగురించాయి. ఏది ఆ మొక్కో తెలియదు. అసలు అది ఈ తొమ్మిదిలో ఉందో, పగిలిన మూడింటితోనో, చిగురించని రెండింటితోనో పోయిందో కూడా తెలియదు. కోసి లాగితే తెలుస్తుంది, కానీ ఉన్న కొద్దిపాటి పిలకల్ని కోస్తే కంకులు రావు. తెంపకుండా కొలవాలి.

ఇది తన పని అన్నాడు కొలిమి. బట్టల క్లిప్పు, దారం, కాగితాలకు పెట్టే పిన్నులు, తన ఫోను, దాన్ని నిలబెట్టడానికి నాలుగు లావుపాటి పుస్తకాలు తెచ్చాడు. పిలక చివర దారం కట్టి, పిన్నులు ఒక్కొక్కటే తగిలించి వంచుతాడు. తీసేశాక అది ఎంత లేచిందో ఫోను వీడియోలో కోణం కొలుస్తాడు. ఆ పుస్తకాలు కొన్నాక పనికి రావడం అదే మొదటిసారి.

రోజూ పొద్దున ఏడింటికి. ఆదివారాలు కూడా. ఆమె అంకెలు రాసేది, అతను పిన్నులు తగిలించేవాడు. మొదటి రెండు వారాలు తొమ్మిదీ ఒకేలా వంగాయి, ఒకేలా వాలిపోయాయి. పెద్దమేడం ఒకసారి గుమ్మంలోంచి చూసి, ఇది ప్రయోగమా, పిలకలకు వ్యాయామమా అని అడిగి వెళ్ళారు. మూడో వారం బాబాయి కూడా సానుభూతి చూపించడం మొదలుపెట్టాడు. అంటే పరిస్థితి నిజంగా బాగాలేదన్నమాట.

"పోయిన అయిదింట్లోనే ఉందేమో," అంది మొలక ఒకరోజు, నంబర్లు రాస్తూ తలెత్తకుండా.

"కాడ ఇంకా లేత. ముదరనీయండి. తొమ్మిదీ చెప్పేదాకా నేను ఒప్పుకోను."

"మొండివారు మీరు."

"కాల్చినవాడికి ఆ మాత్రం ఉండాలి."

ముప్ఫై నాలుగో రోజు ఏడో కుండీ ముందు ఆమె పెన్ను మూత పెట్టేసింది. మూడు రోజులుగా అతను ఏడో కుండీ దగ్గర ఎక్కువసేపు ఉంటున్నాడు. మధ్యాహ్నం, సాయంత్రం కూడా వచ్చి కొలుస్తున్నాడని బాబాయి చెప్పాడు. తనకు చెప్పకుండా ఏం చేస్తున్నారని నిలదీసింది. మళ్ళీ ఏదైనా పాడుచేశారా అని కూడా అడిగింది. ఆ మాట అతనికి తగలాల్సిన చోటే తగిలింది.

అతను ఏడోదానికి ఆరు పిన్నులు తగిలించాడు. పిలక కుండీ అంచుదాకా వంగింది. తీసేశాడు. అది మెల్లగా, తొందరేమీ లేనట్టు, నిటారుగా లేచి నిలబడింది.

"మూడు రోజుల నుంచి తెలుసా మీకు?"

"కనిపించింది మూడు రోజుల క్రితం. నమ్మింది ఇవాళ. ఒకసారి తొందరపడి మీ రెండేళ్ళు పొయ్యిలో పెట్టాను. ఈసారి తప్పు ఆశ పెట్టదలచుకోలేదు."

మొలక చాలాసేపు ఆ పిలకనే చూసింది. తర్వాత అతన్ని చూసింది.

"పిన్ను తగిలించే ముందు మీరు ఊపిరి బిగబడతారు. తెలుసా?"

"చెయ్యి కదలకూడదని."

"నేను తలుపు తీసుకుని లోపలికి వచ్చినప్పుడూ బిగబడతారు. అప్పుడు చేతిలో పిన్ను ఉండదు."

కొలిమి ఊపిరి వదిలాడు. నెల రోజులుగా దాచింది దాంతోపాటే బయటికొచ్చింది. మీరంటే ఇష్టమని, కానీ గింజలు రాకుండా ఆ మాట చెప్పే అర్హత లేదనుకున్నానని అన్నాడు.

"గింజలు వేరు, నువ్వు వేరు," అంది ఆమె. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించనట్టే ఊరుకున్నారు. "గింజలు రాకపోయినా మళ్ళీ పన్నెండు వందలు వేస్తాను. అప్పుడూ పిన్నులు తగిలిస్తావా?"

"జీతం లేకపోయినా."

"జీతం తీసుకో. నాదొక్కదానితో ఇల్లు గడవదు."

సమీక్ష నాటికి ఏడో కుండీ కంకుల్లో ఎనభై ఆరు గింజలు పండాయి. గింజలు ఒలిచాక ఆ కాడల్నే పచ్చివి పచ్చిగా, తడి ఆరకుండా, ఇద్దరూ కలిసి లాగారు. మామూలు కాడకు రెండింతల బలానికి గానీ తెగలేదు. పెద్దమేడం అంకెలు రెండుసార్లు చదివి, గాజు ఇల్లు ఇంకో మూడేళ్ళు ఉంచుకోమన్నారు. ఆ ఎనభై ఆరింటిలో ఆరు ఇప్పటికే మొలకెత్తాయి.

కథ ఇక్కడితో సుఖంగా అయిపోవాల్సింది. కాలేదు.

కాడలు కాలిపోయిన రోజు మొలక ఇంటికి వెళ్ళి బావురుమంది. వాళ్ళ నాన్న రిటైర్డు లెక్కల మాస్టారు. ఆవేశం తక్కువ, జ్ఞాపకం ఎక్కువ. మొత్తం విని, "ఆ వెధవ జీవితంలో ఒక్కసారి నా ఎదుట పడితే చాలు," అన్నారు. ఆ తర్వాత రోజూ సాయంత్రం కుండీల వార్తలు అడిగేవారు. గొడుగు పట్టిన అబ్బాయి, పిన్నులు తగిలించే అబ్బాయి, ఆదివారం కూడా వచ్చే అబ్బాయి గురించి విని విని, "అలాంటి పిల్లాడు దొరకడమే అదృష్టమమ్మా," అనడం మొదలుపెట్టారు. ఇద్దరూ ఒకరేనని మొలక చెబుదామనుకున్న ప్రతిసారీ ఆయన వెధవను ఇంకో రెండు తిట్టేవారు. రేపు చెబుదాంలే అనుకునేది. అలా అరవై అయిదు రేపులు గడిచాయి.

ఇప్పుడు అపార్టుమెంటులో మూడు అంతస్తులవాళ్ళకు వెధవ కథా, బంగారం లాంటి అబ్బాయి కథా వేర్వేరుగా తెలుసు. బంగారం లాంటి అబ్బాయిని ఆదివారం భోజనానికి పిలిచారు. మొలకవాళ్ళమ్మ కొత్త కంటితో అతన్ని దగ్గరగా చూడాలని పట్టుబట్టారు. పిలవనివాళ్ళు కూడా వస్తారని తెలిసింది.

నేను చెబుతానంది మొలక. కాల్చింది నేను, చెప్పేదీ నేనేనన్నాడు కొలిమి. అందులో మార్పు లేదు, ఎవరు వంచినా లేచే రకం అతనిప్పుడు. తేలనిదల్లా ఎప్పుడు చెప్పాలన్నదే. గుమ్మంలోనే చెబితే భోజనం ఉండదు. భోజనం అయ్యాక చెబితే, తిని మరీ చెప్పాడంటారు. మధ్యలో చెబితే మాస్టారికి పొలమారుతుంది, ఆయనకు డెబ్బై ఏళ్ళు.

మామగారికి నిజం చెప్పిన అనుభవం మీలో ఎవరికైనా ఉంటే దయచేసి సలహా ఇవ్వండి. నిజం దాచిన అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఇవ్వచ్చు, వాళ్ళే ఎక్కువమంది ఉంటారు. కాకపోతే కొంచెం త్వరగా. కొలిమి ఇప్పుడే బెల్లు నొక్కాడు, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు, లోపలి నుంచి చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది.