మొదటి జాడింపు

"సబ్బు ఉందా?"

"లేదు. నీలిమందే ఉంది."

కోడ్ సరిపోయింది. లాండ్రీ వ్యాన్ వెనక తలుపు తెరుచుకుంది. మురికి దుప్పట్ల మూటతో సహా హెస్టర్ లోపలికెక్కింది.

మూటల మధ్య మేజర్ ప్రింగిల్ కూర్చుని ఉన్నాడు. రాత్రంతా నిద్ర లేని ముఖం.

"ఫాదర్ల ఇంటిమీద నిఘా పెట్టిన మన మనిషి పోయాడు. డాక్టరు గుండెపోటన్నాడు. అరచేతిలో మాత్రం సూదిపోటు ఉంది. ఇది కోబాల్ట్ పని."

కోబాల్ట్ విదేశీ ముఠా. బెల్‌ఫాస్ట్‌లో కాథలిక్కులకు తుపాకులమ్మేదీ వాళ్లే, ప్రొటెస్టెంట్లకు అమ్మేదీ వాళ్లే. ఇద్దరికీ రాజీ కుదిరితే వాళ్ల దుకాణం మూతపడుతుంది.

"హంతకుడు నువ్వు పనిచేసే ఆ ఇంట్లోకే చేరాడు. ఎవరో తెలీదు."

"సమావేశం ఆపించండి సార్."

"కాల్పుల విరమణ రేపటితో సరి. ప్రొటెస్టెంట్ల పాస్టరూ, కాథలిక్కుల పెద్ద ఫాదరూ ఇవాళ ఆ ఇంట్లో కూర్చుని మాట్లాడకపోతే వీధివీధికీ శవాలు లేస్తాయి." మేజర్ ఆమె ముఖంలోకి చూడలేదు. "ఆ పాస్టరు నీ అన్న అని తెలుసు. నిన్ను తప్పిద్దామనుకున్నా. వేరే దిక్కు లేదు."

హెస్టర్ మూట దించి, ఉతికిన బట్టలెత్తుకుంది.

ఫాదర్ల ఇంట్లో ఆమె పేరు బ్రైడీ. కాథలిక్ వితంతువు, వంటా, చిన్నాచితకా ఉతుకుడూ ఆమె పని. మెడలో జపమాల. దాని సిలువ నొక్కితే వ్యాన్‌లో గంట మోగుతుంది, అందిందన్నట్టు సిలువ చిన్నగా కంపిస్తుంది. ఆ ఇంట్లో ఆమెకు తోడు ఊనా డెవెన్నీ ఒక్కతే. బలిపీఠానికి పూలమర్చే సొగసుగత్తె. మింక్ కోటు, సెంటు, ఎర్రటి గోళ్లు. ఆమె కూడా మేజర్ మనిషే.

పెరట్లోని ఉతుకుడు గదిలో హెస్టర్ గంజి కాస్తోంది. రోమ్ నుంచి కొత్తగా వచ్చిన చిన్న ఫాదర్ కాన్సిడైన్ పూజ ముగించుకుని గుమ్మంలోకొచ్చాడు.

"బ్రైడీ, ఇదీ ఉతికెయ్యమ్మా," అంటూ చేతిలోని గుడ్డ బుట్టలో పడేసి వెళ్లిపోయాడు.

పూజలో పాత్ర తుడిచిన గుడ్డ అది. ద్రాక్షారసం మరక ఇంకా తడిగానే ఉంది.

గరిటె ఆమె చేతిలో ఆగిపోయింది. అమ్మ పెళ్లికి ముందు కాన్వెంటు లాండ్రీలో పనిచేసేది. ప్రెస్బిటేరియన్ ప్రొటెస్టెంటుని కట్టుకుని మతం మారినా, బట్టలుతికినప్పుడల్లా ఈ మాట అనేది: "అది క్రీస్తు రక్తమని వాళ్ల నమ్మకం. మొదటి జాడింపు ఫాదరు చేత్తోనే జరగాలి. ఆ నీళ్లు మట్టిలో పోశాకే మన చేతికిస్తారు."

ఏ ఫాదరూ మరిచిపోయే సంగతి కాదది. ఇతను ఫాదరే కాదు.

జపమాల సిలువ నొక్కింది. వెనక్కి రావలసిన చిన్న కంపనం రాలేదు. మళ్లీ నొక్కింది. లేదు.

"బ్యాటరీ నేనే తీశానులే," అంది ఊనా, గుమ్మానికి చేరగిలబడి. చేతిలో బొమ్మలాంటి పిస్తోలు.

"ఊనా! నువ్వు మా వైపు కదూ?"

"మీ వైపేమిటి, వాళ్ల వైపేమిటి? ఈ ఊళ్లో కాథలిక్కా, ప్రొటెస్టెంటా అని అడిగి అడిగి నా ప్రాణం విసిగింది. కోబాల్ట్ వాళ్లు ఆ మాటే అడగలేదు." నవ్వింది. "ఏమీ లేదు తల్లీ. చేతులు కలుపుతారు, అంతే. ఫాదర్ల ఇంటి గుమ్మంలో, ఒక ఫాదర్ చెయ్యి పట్టుకుని పాస్టరు కూలిపోతాడు. సాయంత్రానికి ఊరు తగలబడుతుంది."

వీధి తలుపు గంట మోగింది.

మరుక్షణం గంజి కుండ ఊనా మీద బోర్లపడింది. పిస్తోలు పేలి తూటా కప్పులోకి దూసుకుపోయింది. హెస్టర్ ఆమెను గదిలోకి లాగిపడేసి, బయట గడియపెట్టి, పరుగుతీసింది. నడవ ఎప్పుడూ అంత పొడుగ్గా అనిపించలేదు.

గుమ్మంలో అన్నయ్య లౌరీ. ఎదురుగా చెయ్యి చాచి కాన్సిడైన్.

"రండి పాస్టర్ గారూ. మన తాతలు చేయని పని మనం చేద్దాం."

"మా నాన్న బతికుంటే ఈ చెయ్యి నరికేసేవాడు," అన్నాడు లౌరీ, చెయ్యి ముందుకు చాస్తూ.

"అన్నయ్యా, ముట్టుకోకు!"

లౌరీ తిరిగి చూశాడు. ఏప్రాను, మెడలో జపమాల. "హెస్టర్? లండన్‌లో టైపిస్టువి కదే నువ్వు! ఇదేం వేషం?"

"చెయ్యి వెనక్కి తీసుకో!"

"ఛీ! అమ్మ పుట్టిన మతం వాళ్లు నీకు ముట్టరాని వాళ్లయ్యారా? ఎన్ని రాత్రులు ప్రార్థన చేసి వచ్చానో తెలుసా? నువ్వు చెడగొట్టకు!" పంతం కొద్దీ చెయ్యి ఇంకా ముందుకు చాచాడు.

చెప్పడానికి వ్యవధి లేదు. రెండు చేతులూ కలవబోయేంతలో హెస్టర్ కాన్సిడైన్ మణికట్టును రెండు పిడికిళ్లతో పట్టుకుంది. తడి దుప్పటి పిండినట్టు పిండి, మెలితిప్పి, కిందికి నొక్కింది. ఆ అరచెయ్యి అతని తొడకే గుచ్చుకుంది. కాన్సిడైన్ ఏదో విదేశీ భాషలో ఒక్క మాట అని, గుమ్మం మీదే కుప్పకూలాడు. తెరుచుకున్న అరచేతిలో చర్మం రంగు పట్టీ, దాని మధ్య సూది మొన.

లౌరీ తన చేతిని తానే తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత చెల్లెలి భుజం పట్టుకుని మెట్టుమీద చతికిలబడ్డాడు.

మేడమీద నుంచి పెద్ద ఫాదర్ మగెన్నిస్ కీళ్లనొప్పులతో ఒక్కో మెట్టే దిగి వచ్చాడు. శవాన్ని చూసి సిలువ గుర్తు వేసుకున్నాడు. సూది చూశాడు, హెస్టర్‌ని చూశాడు. తర్వాత పాస్టరు వైపు తిరిగి, చెయ్యి చాచాడు.

"రండి పాస్టర్ గారూ. మాట్లాడుకుందాం."

లౌరీ లేచి నిలబడి, రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాడు.

"తప్పకుండా ఫాదర్. చెయ్యి మాత్రం అడక్కండి. ఒట్టు, ఈసారికి ఇది మతం పట్టింపు కాదు."